పాస్ శాతం వెనుక లెక్కకు రాని పిల్లలు

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే చిన్న పట్టణాల్లో నాలుగు రోడ్ల కూడలి రూపమే మారిపోతుంది. పదో తరగతి ఫలితాలు వెలువడిన మర్నాటికల్లా ఫ్లెక్సీలు లేస్తాయి. కాన్వెంటు పిల్లల ఫొటోలు, పక్కన మార్కులు, పైన కరస్పాండెంటు గారి నవ్వు ముఖం. ఆ కూడలికి ఫర్లాంగు దూరంలో ఉన్న మునిసిపల్ ఉన్నత పాఠశాల నోటీసు బోర్డు మీద మాత్రం చేతిరాతతో ఒక చిన్న కాగితం అంటించి ఉంటుంది. పరీక్ష రాసినవారు ఇందరు, ఉత్తీర్ణులు ఇందరు, శాతం ఇంత. జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగే పెద్దలు ఆ శాతం గురించి రెండు నిమిషాలు మాట్లాడుకుంటారు. పెరిగితే "ఫర్వాలేదు, మన బడి బాగుపడింది" అంటారు. తగ్గితే "సర్కారు బడి అంతే" అని పెదవి విరుస్తారు. రెండూ తొందరపాటు మాటలే. ఎందుకంటే అసలు అడగవలసిన లెక్క ఆ కాగితం మీద లేదు.

ముందు ఆ శాతం సంగతే చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ 2021లోనూ కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు జరగలేదు, అందరూ పాసయ్యారు. మళ్ళీ పరీక్షలు పెట్టిన 2022లో ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. ఆ ఏడాది 71 బడుల్లో ఒక్క పిల్లవాడు కూడా గట్టెక్కలేదు. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. తెలంగాణలో 2024లో 91.31 శాతం ఉంటే 2025లో 92.78 వచ్చింది. రెండేళ్ళలో 19 శాతం పెరిగిందంటే మన పిల్లలు రెండేళ్ళలో అంత తెలివిమీరిపోయారని కాదు. ఐదు శాతం తగ్గిందంటే టీచర్లందరూ ఏడాదంతా నిద్రపోయారనీ కాదు. పేపర్ల సంఖ్య మారుతుంది, పాఠ్యపుస్తకాలు మారతాయి, మీడియం మారుతుంది, మూల్యాంకనంలో చెయ్యి బిగుతు వదులు మారుతుంది. ఇన్ని మారాక వచ్చే ఒక్క అంకెను పట్టుకుని బడి మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం కుదరదు.

నలభై మందిలో ఎందరు?

ఒక ఉదాహరణ అనుకుందాం. మన మొహల్లా పక్కనున్న హైస్కూల్లో ఆరో తరగతిలో 40 మంది చేరారు. ఐదేళ్ళు గడిచాయి. పదో తరగతి పరీక్ష హాలుకు వెళ్ళినవారు 24 మంది. పాసైనవారు 22 మంది. నోటీసు బోర్డు మీద ఏముంటుంది? 91 శాతానికి పైగా ఉత్తీర్ణత! హెడ్మాస్టరు గారికి శాలువా కప్పవలసిన ఫలితమే. కానీ చేరిన నలభై మందిని లెక్కలోకి తీసుకుంటే గట్టెక్కినవారు 55 శాతం. మిగిలిన వాళ్ళలో ఇద్దరు తప్పారు, సరే. ఆ పదహారు మంది ఏమయ్యారు? కొందరు కుటుంబంతో వేరే ఊరు వెళ్ళి ఉంటారు, కొందరు టీసీ తీసుకుని వేరే బడిలో చేరి ఉంటారు. వాళ్ళను పక్కన పెడదాం. మిగిలినవాళ్ళు? వాళ్ళు ఫెయిలైన వాళ్ళ జాబితాలో కూడా ఉండరు. పరీక్ష ఫీజు కట్టి నామినల్ రోల్సులో పేరెక్కితేనే కదా ఫెయిలయ్యే అదృష్టమైనా!

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోక తప్పదు. శాతం తగ్గితే హెడ్మాస్టరుకు పైనుంచి సంజాయిషీ నోటీసు వస్తుంది. ఎనిమిదిలో పిల్లవాడు మానేస్తే అంత గట్టిగా అడిగేవారు అరుదు. దీంతో తొమ్మిదో తరగతిలో వెనుకబడిన పిల్లవాణ్ణి "నీ వల్ల కాదురా, ప్రైవేటుగా కట్టుకో" అని మెల్లగా సాగనంపే ధోరణి అక్కడక్కడా కనిపిస్తుంది. ప్రైవేటు బడుల్లో ఇది మరీ ఎక్కువ. నూటికి నూరు శాతం ఫ్లెక్సీ వేయించుకోవాలంటే అనుమానంగా ఉన్నవాడికి ఏడాది ముందే టీసీ చేతిలో పెట్టడం సులువైన దారి. అలా వచ్చినవాడు మళ్ళీ సర్కారు బడిలోనే తేలతాడు, అక్కడి శాతాన్ని తగ్గిస్తాడు. అందుకే రెండు బడుల శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. ఒకరు ఏరుకుని చేర్చుకుంటారు, ఇంకొకరు వచ్చినవాళ్ళందరినీ చేర్చుకోవాలి.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ళ నుంచి 14 ఏళ్ళ దాకా, అంటే ఎనిమిదో తరగతి దాకా, ఉచిత నిర్బంధ విద్య పిల్లవాడి హక్కు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ చట్టం చెయ్యి వదిలేస్తుంది. మన పిల్లలు జారిపోయేది కూడా సరిగ్గా ఆ మలుపులోనే.

ఉస్తాద్ దగ్గరికి ఒకరు, ఇంటి పనికి ఒకరు

మగపిల్లవాడి సంగతి మనందరికీ తెలిసిందే. మెకానిక్ షెడ్డు, వెల్డింగ్ షాపు, టైలరింగ్, చికెన్ సెంటరు, బిర్యానీ పాయింటు. మొదట ఎండాకాలం సెలవుల్లో సరదాగా వెళతాడు. ఉస్తాద్ సాయంత్రానికి కాస్త డబ్బు చేతిలో పెడతాడు. ఆ డబ్బుతో ఇంట్లో పాల ప్యాకెట్ వస్తుంది. జూన్‌లో బడి తెరిచాక వారం రోజులు వెళ్ళి, తర్వాత మానేస్తాడు. "చదివి మాత్రం ఏం చేస్తాడు సార్, పని నేర్చుకుంటే రేపు తమ్ముణ్ణి చదివిస్తాడు" అనే తండ్రి మాటలో దుర్మార్గం లేదు, అప్పు ఉంది. చేతిపని గొప్పదే, దాన్ని చిన్నచూపు చూసేవారితో మనకు ఏకీభావం లేదు. కానీ పదో తరగతి సర్టిఫికెట్టు లేని మెకానిక్‌కు ఐటీఐలో ఉన్న మంచి ట్రేడ్లు చాలామటుకు అందవు, ప్రభుత్వ సంస్థల్లో చిన్న ఉద్యోగానికైనా ఆ కాగితమే అడుగుతారు. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం 2016లో సవరించిన చట్టం ప్రకారం నేరం కూడా. బడి అయ్యాక సొంతవాళ్ళ దుకాణంలో సాయపడటం వేరు, బడి మానిపించడం వేరు.

ఆడపిల్లది మరో కథ. ఐదో తరగతి దాకా మొహల్లాలోనే ఉర్దూ ప్రాథమిక పాఠశాల ఉంటుంది. నానీమా అరుగు మీద కూర్చుంటే బడి గేటు కనిపించేంత దగ్గర. ఆరో తరగతికి బస్టాండు దాటి, మార్కెట్టు దాటి వెళ్ళాలి. అక్కడ మరుగుదొడ్డి ఉన్నా నీళ్ళు ఉండకపోవచ్చు. టీచరమ్మలు ఉండకపోవచ్చు. పెద్దమనిషైన పిల్లకు ఈ రెండూ లేకపోతే నెలలో నాలుగైదు రోజులు బడి పోతుంది, పాఠాలు పోతాయి, చివరికి చదువే పోతుంది. 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద బడుల్లో మరుగుదొడ్లు, మంచినీళ్ళు, ప్రహరీ గోడలు వచ్చాయి. ఆ పని చేరిన చోట తేడా కంటికి కనబడుతుంది. కానీ కట్టడం ఒక ఎత్తు, రోజూ కడిగించడం ఇంకో ఎత్తు.

మన ఇళ్ళలో ఇంకో విషయం కూడా జరుగుతోంది. ఒకే కడుపున పుట్టిన పిల్లల్లో అబ్బాయిని ఫీజు కట్టి కాన్వెంటుకు పంపి, అమ్మాయిని సర్కారు ఉర్దూ బడికి పంపే ఇళ్ళు ఎన్ని లేవు! అమ్మీజాన్‌ను అడిగితే "ఇద్దరికీ కట్టలేం కదా బాబూ" అంటుంది. నిజమే. అయితే ఇద్దరిలో ఎవరికి కట్టాలన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎప్పుడైనా వచ్చిందా అన్నదే అనుమానం.

మదర్సాల వల్ల ముస్లిం పిల్లలు బడికి రావడం లేదనే మాట ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లోనే ఈ మాటను లెక్కలతో కొట్టిపారేసింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో పూర్తికాలం మదర్సాల్లో చదివేవారు నూటికి ముగ్గురు నలుగురే. అదే కమిటీ మరో సంగతి కూడా చెప్పింది. దేశంలో 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అయితే అసలు బడి ముఖం చూడలేదు, లేదంటే మధ్యలో మానేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విషయానికి వస్తే 2001 జనాభా లెక్కల్లో ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 61 శాతానికి లోపు. అంటే మనం వెనుక కాదు, ముందే ఉన్నాం. ఎక్కువమంది పట్టణాల్లో ఉండటం, బడి దగ్గర ఉండటం దీనికి పెద్ద కారణం. కాబట్టి మన జబ్బు అక్షరం నేర్వకపోవడం కాదు. మొదలుపెట్టింది పూర్తి చేయకపోవడం.

తల లెక్క తగ్గితే టీచరు పోతాడు

ఇప్పుడు చేరికల సంగతికి వద్దాం. మే, జూన్ నెలల్లో సర్కారు బడి టీచర్లు బడిబాట పేరుతో గడప గడపకూ వస్తారు. వాళ్ళకంటే ముందే ప్రైవేటు బడుల వాళ్ళు కరపత్రాలతో వచ్చి వెళ్ళి ఉంటారు. కాన్వెంటు మూడేళ్ళ పిల్లను నర్సరీ, ఎల్‌కేజీ అని తీసుకుపోతుంది. సర్కారు బడి ఒకటో తరగతితో మొదలవుతుంది. ఐదేళ్ళు నిండేనాటికి ఆ పిల్ల టై కట్టుకుని, ఆటోలో వెళ్ళి రావడానికి అలవాటు పడి ఉంటుంది. అంగన్‌వాడీ ఉంది కానీ దాన్ని బడిగా భావించే తల్లులు తక్కువ. పోటీ మొదలుకాక ముందే సర్కారు బడి ఓడిపోయేది ఇక్కడే.

చేరికలు తగ్గితే ఏమవుతుంది? విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. ఒక బడిలో 63 మంది ఉన్నారనుకోండి. ముగ్గురు టీచర్లు ఉంటారు. ఈ జూన్‌లో నలుగురు పిల్లలు కాన్వెంటుకు మారారు. 59 మంది మిగిలారు. పోస్టుల సర్దుబాటులో ఒక టీచరు వేరే బడికి వెళ్ళిపోతాడు. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. ఒకరు సెలవు పెట్టినా, మీటింగుకు పోయినా ఐదు తరగతులకూ ఒక్కరే. చదువు చెడుతుంది. అది చూసి వచ్చే జూన్‌లో ఇంకో పది మంది వెళ్ళిపోతారు. పోయిన నలుగురి ఇళ్ళలో అది సొంత నిర్ణయం. మిగిలిన 59 మందికి అది ఎవరూ అడగని శిక్ష. మిగిలేవారు ఎవరు? ఫీజు కట్టలేనివాళ్ళు, తండ్రి లేనివాళ్ళు, ఇంట్లో ఆడపిల్లలు.

దీన్ని ఆపాలని ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలు కొన్ని కొత్త చిక్కులు తెచ్చిపెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవో ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్ళకు తరలించింది. చిన్న తరగతులకు కూడా సబ్జెక్టు టీచర్లు పాఠం చెబుతారన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల మెయిన్ రోడ్డు దాటాలి. ఒకటి, రెండు తరగతులతో మిగిలిన మొహల్లా బడిలో చాలాచోట్ల ఒక్క టీచరే. అక్కను హైస్కూలుకు, తమ్ముణ్ణి ఇక్కడికి పంపే తల్లి ఇద్దరినీ కలిపి ఆటోలో కాన్వెంటుకు పంపడమే నయమనుకుంది. 2025లో ఆ విధానాన్ని తీసేసి, తరగతికో టీచరు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలంటూ మరో పద్ధతి తెచ్చారు. మూడేళ్ళలో రెండుసార్లు బడి రూపం మారింది. ఆ మూడేళ్ళలో బడి మారిన పిల్లలందరూ తిరిగి వస్తారా?

2020 జనవరిలో మొదలైన అమ్మఒడి, 2025లో వచ్చిన తల్లికి వందనం తల్లుల చేతికి డబ్బు అందించాయి. 75 శాతం హాజరు ఉండాలన్న షరతు వల్ల పిల్లవాణ్ణి షెడ్డుకు పంపే తండ్రి ఒకసారి ఆలోచించాడు కూడా. అయితే ఆ డబ్బు ప్రైవేటు బడిలో చదివేవారికీ వస్తుంది. కొన్ని ఇళ్ళలో అదే కాన్వెంటు ఫీజు మొదటి కంతు అయింది. తల్లిని తప్పుపట్టలేం, పథకం వద్దనీ అనలేం. సర్కారు బడి నిండటానికి మాత్రం అది మందు కాదు. ఇక మైనారిటీ పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును 2022లో 9, 10 తరగతులకే పరిమితం చేశారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా చదువు ఉచితమే కదా అన్నది వాళ్ళ వాదన. నోటు పుస్తకాలు, చెప్పులు, ఆటో కిరాయి ఉచితం కాదని దరఖాస్తు పట్టుకుని తిరిగిన తండ్రులకు తెలుసు.

ఉర్దూ బడి మీద రెండు మాటలు

2025లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షకు సుమారు 6.19 లక్షల మంది రెగ్యులర్ విద్యార్థులుంటే అందులో 5.64 లక్షల మంది ఇంగ్లీషు మీడియం వాళ్ళే. తెలుగు మీడియం వాళ్ళు 51 వేలు. మిగిలిన కొద్ది వేలలోనే ఉర్దూ, కన్నడ, తమిళం, ఒడియా అన్నీ సర్దుకున్నాయి. తెలుగుకే ఈ గతి పడితే ఉర్దూ మీడియం సంగతి చెప్పేదేముంది?

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలంటుంది. ఏర్పాటు కాగితం మీద ఉంది, కుర్చీలో టీచరు లేడు. ఉర్దూ మీడియం పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించినవి ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరక్క డీఎస్సీ తర్వాత డీఎస్సీ ఖాళీగా మిగలడం పాత సమస్య. రిజర్వేషను తప్పు కాదు, ఆ వర్గాల హక్కుకు నష్టం లేకుండా ఆ పోస్టులను వేరే సబ్జెక్టులో సర్ది, ఉర్దూ పోస్టును నింపే దారి వెతకాలని సంఘాలు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాయి. ఈలోగా లెక్కల టీచరు లేకుండానే బ్యాచి తర్వాత బ్యాచి పదో తరగతి రాస్తోంది.

మనవైపు లోపం కూడా ఒకటుంది. ఉర్దూ మన జుబాన్ అని జల్సాల్లో గొంతు చించుకునే పెద్దల్లో ఎందరి మనవళ్ళు ఉర్దూ బడిలో ఉన్నారు? ఉర్దూ బడిని నిలబెట్టాలంటే అక్కడ తెలుగు, ఇంగ్లీషు గట్టిగా చెప్పించుకోవాలి. ఉర్దూ మీడియంలో పది పాసైన పిల్ల ఇంటర్‌కు వెళ్ళేసరికి ఉర్దూ కాలేజీ దగ్గరలో ఉండదు, తెలుగు, ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చుని ఏడుస్తుంది. నీట్ పరీక్ష 2018 నుంచి ఉర్దూలో రాయవచ్చు. అక్కడిదాకా తీసుకువెళ్ళే ఇంటర్ సైన్సు మన చిన్న ఊళ్ళో ఉర్దూలో ఎక్కడ?

తెలంగాణలో 2016లో 71 మైనారిటీ గురుకులాలతో మొదలై 204కు పెరిగాయి. ఇంగ్లీషు మీడియం, హాస్టలు, భోజనం. ఆడపిల్లలకు విడిగా బడులు ఉండటం వల్ల ఎన్నో కుటుంబాలు ధైర్యం చేశాయి. ఇది మేలే. కాకపోతే చురుకైన పిల్లలు గురుకులానికి వెళ్ళిపోయాక మొహల్లా బడి మరింత పలచబడింది. గురుకులంలో సీటు రాని పిల్లవాడికి కూడా ఒక బడి కావాలి కదా.

అడగవలసింది ఏమిటి?

చదువు నాణ్యత గురించి కూడా ఒక మాట. దేశంలోని గ్రామాల్లో సర్వే చేసే అసర్ నివేదిక ప్రకారం 6-14 ఏళ్ళ పిల్లల్లో సర్కారు బడిలో ఉన్నవారు 2018లో 65.6 శాతం. కరోనా తర్వాత 2022లో అది 72.9కి పెరిగింది. 2024కల్లా 66.8కి దిగింది. కష్టకాలంలో జనం సర్కారు బడికే వచ్చారు, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే వెళ్ళిపోయారు. 2024లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు మొత్తం మీద 27 శాతమే. సర్కారు బడుల్లో ఇంకాస్త తక్కువ. ప్రైవేటు బడి పిల్లలు కొంత మెరుగే గానీ, కట్టే ఫీజు మీద పెట్టుకున్న ఆశకు తగినంత కాదు. టై, బెల్టు చూసి మురిసిపోయే బదులు, సాయంత్రం ఇంటికొచ్చిన పిల్ల చేత ఒక పేజీ పైకి చదివించుకుంటే బడి సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. చదువురాని తల్లికి కూడా పిల్ల తడబడుతోందో లేదో చెవికి తెలుస్తుంది.

ప్రతి సర్కారు బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. ఇది చట్టంలో ఉన్న మాట. మన మొహల్లా బడుల్లో ఈ కమిటీ మీటింగంటే ఇంటికి వచ్చిన రిజిస్టరులో సంతకమో, వేలిముద్రో. అలా కాకుండా ఖాలా, ఆపా, చాచీ నలుగురూ కలిసి వెళ్ళి కూర్చుంటే హెడ్మాస్టరు గారు కుర్చీలు వేయిస్తారు. పాస్ శాతం ఎంత అని అడగవద్దు, అది నోటీసు బోర్డు మీదే ఉంది. ఈ ఏడాది పది రాసిన బ్యాచి ఆరులో చేరినప్పుడు ఎందరు, వాళ్ళలో ఇప్పుడు లేనివాళ్ళ పేర్లేమిటి అని అడగండి. అడ్మిషన్ రిజిస్టరులో ఆ పేర్లుంటాయి. ఏ వీధి, ఎవరి పిల్లలు అన్నది రిజిస్టరు చూడకుండానే చెప్పగలవారు ఆ గదిలోనే ఉంటారు. 2022-23 నుంచి కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కలు పిల్లల పేర్ల వారీగా నమోదవుతున్నాయి. కాన్వెంటులో కూర్చుని సర్కారు బడి రిజిస్టరులో పేరుంచుకునే పాత పద్ధతికి ఇక కాలం చెల్లుతోంది. కాబట్టి ఖాళీ బెంచీలను ఇంకా దాచడం కష్టం.

లేని పేర్లు తేలాక చేయవలసిన పనులకు దారులున్నాయి. 14 ఏళ్ళలోపు పిల్లవాడు మధ్యలో మానేసి ఉంటే వయసుకు తగిన తరగతిలో ఎప్పుడైనా చేర్చుకోవాలి. పుట్టిన తేదీ కాగితం లేదనో, టీసీ ఆలస్యమైందనో తిప్పి పంపకూడదు. ఆడపిల్లకు దూరమే అడ్డమైతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం ఉందేమో చూడాలి. ఆరో తరగతి నుంచి హాస్టలుతో సహా ఉచితం, బడి మానేసిన పేద ఆడపిల్లల కోసమే 2004లో ఈ పథకం మొదలైంది, సీట్లలో మైనారిటీలకూ వాటా ఉంది. వయసు దాటి షెడ్డులో కుదురుకున్న కుర్రాడికి రెండు రాష్ట్రాల్లోనూ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది రాసే వీలుంది. 14 ఏళ్ళు నిండితే చాలు, ఆదివారాలు, సెలవు రోజుల్లో తరగతులుంటాయి. ఉస్తాద్ ఒప్పుకోవాలంతే. ఆ ఉస్తాద్ కూడా జుమాకు మన సఫ్‌లోనే నిలబడతాడు, అడగవచ్చు. బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. సార్వత్రిక విద్యాపీఠం అడ్మిషన్ల ప్రకటన ఆ తర్వాత వస్తుంది. దరఖాస్తును స్టడీ సెంటరుగా ఉన్న హైస్కూల్లోనే అడిగి తెలుసుకోవచ్చు.